ఖాతా ఒక అమానతు: బ్యాంకు మోసాలు, మన హక్కులు

(హక్కుల అవగాహన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



మైనారిటీల హక్కులను గురించి మాట్లాడుకోవలసిన వేదికపై బ్యాంకు ఖాతాల ప్రస్తావన ఏమిటని కొందరికి సందేహం కలుగవచ్చు. ఆ సందేహానికి సమాధానంతోనే ప్రారంభిద్దాం. నేడు ప్రభుత్వం ఇచ్చే విద్యార్థి వేతనం బ్యాంకు ఖాతాలోనే పడుతుంది. వితంతువుకు పింఛను, ఉపాధి హామీ కూలీకి వేతనం, వంట గ్యాసు రాయితీ, గల్ఫులో ఎండకు మాడిన కొడుకు పంపే సొమ్ము, అన్నీ ఖాతాకే చేరుతున్నాయి. అంటే మనం ఏళ్ల తరబడి పోరాడి సాధించుకున్న హక్కు కాగితం మీది నుండి ఇంటి గడప దాకా రావాలంటే దాటవలసిన ఆఖరి వంతెన ఆ ఖాతాయే. ఆ వంతెన మీద దొంగ కాపు కాసి కూర్చున్నాడంటే, మనం సాధించిన హక్కు మనకు అందనట్లే.

ఇది ఊహించి చెబుతున్న మాట కాదు. మైనారిటీ విద్యార్థుల ప్రీ మెట్రిక్ ఉపకార వేతనాల చరిత్రను ఒక్కసారి గుర్తు చేసుకుందాం. ఏడాదికి లక్ష రూపాయల లోపు ఆదాయం గల కుటుంబాల పిల్లల కోసం ఉద్దేశించిన పథకమది. హాస్టల్‌లో ఉండి చదివే విద్యార్థికి సంవత్సరానికి గరిష్ఠంగా 10,700 రూపాయలు లభించేవి. 2020 నవంబరులో జార్ఖండ్ రాష్ట్రంలో ఈ సొమ్ము ఎలా దారి మళ్లిందో ఒక ఆంగ్ల దినపత్రిక పరిశోధించి బయటపెట్టింది. దళారులు, కొందరు పాఠశాలల వారు, కొందరు బ్యాంకు ప్రతినిధులు కుమ్మక్కై పేదల ఆధార్ సంఖ్యలు, వేలిముద్రలు సేకరించారు. హాస్టలే లేని బడిలో హాస్టల్ విద్యార్థులున్నట్లు చూపారు. ఖాతాలో డబ్బు పడగానే ఖాతాదారు వేలిముద్రతోనే దానిని తీసి, చేతిలో కొద్దిపాటి సొమ్ము పెట్టి పంపారు. అది సౌదీ అరేబియా నుండి వచ్చిన సాయమని కొందరిని నమ్మించారు కూడా. తమ పేరిట వచ్చిన హక్కును ఎవరో చేసిన దానంగా భావించి, ఆ పేదలు దళారులకే కృతజ్ఞతలు చెప్పుకున్నారు.

తర్వాత కేంద్ర మైనారిటీ వ్యవహారాల మంత్రిత్వ శాఖ జరిపించిన పరిశీలనలో 21 రాష్ట్రాలలోని 1,572 సంస్థలను తనిఖీ చేయగా, వాటిలో 830 సంస్థలు బూటకమైనవనో, పనిచేయనివనో తేలింది. 144 కోట్ల రూపాయలకు పైగా నష్టం వాటిల్లిందని అంచనా కట్టి, 2023 ఆగస్టులో సీబీఐ కేసు నమోదు చేసింది. ఈలోగా 2022-23 నుండి ఒకటి నుండి ఎనిమిదో తరగతి వరకు పిల్లలకు ఆ ఉపకార వేతనమే ఆగిపోయింది. నిలిపివేతకు ప్రభుత్వం చెప్పిన కారణం విద్యాహక్కు చట్టం. ఆ కారణంతో మేము ఏకీభవించకపోవచ్చు. కాని, తనకు రావలసింది ఎంతో, వచ్చింది ఎంతో లెక్క తెలియని లబ్ధిదారు ఆ పథకం పోతున్నప్పుడు దానికోసం గట్టిగా నిలబడి అడగలేడన్నది మాత్రం వాస్తవం.

జార్ఖండ్‌లో ఉపయోగించిన పద్ధతినే ఆధార్ ఆధారిత చెల్లింపు విధానం అంటారు. బ్యాంకు శాఖ లేని ఊళ్లలో చిన్న యంత్రం మీద వేలు పెట్టి డబ్బు తీసుకునే సౌకర్యమది. ముసలివారికి, చదువురాని వారికి నిజంగానే ఉపకారి. కాని దానికి పిన్ అక్కరలేదు, ఓటీపీ అక్కరలేదు. వేలిముద్ర ఒక్కటే తాళంచెవి. ఆ తాళంచెవికి నకలు తయారు చేయవచ్చునని మన తెలుగు నేల మీదనే రుజువైంది. 2018లో పెద్దపల్లి జిల్లాకు చెందిన ఒక సిమ్ కార్డుల వ్యాపారి, భూముల రిజిస్ట్రేషన్ దస్తావేజులపై ఉన్న వేలిముద్రలకు రబ్బరు నకళ్లు తయారు చేసి, వాటితో వేల సంఖ్యలో సిమ్ కార్డులను క్రియాశీలం చేశాడని పోలీసులు వెల్లడించారు. సిమ్ కార్డుకు పనికివచ్చిన నకలు ఖాతాకు పనికిరాకుండా పోదు.

దీనికి విరుగుడు ఉంది, అది ఉచితం. ఆధార్ సంస్థ వెబ్‌సైట్‌లో గాని, ఎంఆధార్ యాప్‌లో గాని బయోమెట్రిక్ తాళం వేసుకోవచ్చు. అవసరమైన రోజున తెరిచి, పని ముగియగానే మళ్లీ మూయవచ్చు. సందేహాలుంటే 1947 నంబరుకు ఫోన్ చేయవచ్చు. వేలు పెట్టి డబ్బు తీసుకునే మన అమ్మలకు, నానమ్మలకు మరొక మాట కూడా చెప్పాలి. యంత్రం వద్ద వేలు పెట్టిన ప్రతిసారీ రసీదు అడిగి తీసుకోవాలి. "సర్వర్ పని చేయడం లేదు, మళ్లీ వేలు పెట్టమ్మా" అన్నప్పుడు, మొదటిసారి పెట్టినప్పుడు డబ్బు పోలేదని ఖాతా నిల్వ చూపించిన తర్వాతనే రెండోసారి వేలు పెట్టాలి.

మిత్రులారా, ఇక రెండో రకం మోసానికి వద్దాం. జార్ఖండ్‌లో జరిగింది అజ్ఞానాన్ని ఆధారం చేసుకున్న దోపిడీ. డిజిటల్ అరెస్టు పేరిట జరుగుతున్నది భయాన్ని ఆధారం చేసుకున్న దోపిడీ. ఫోన్ మోగుతుంది. మీ పేరిట వచ్చిన పార్సిల్‌లో మాదకద్రవ్యాలు దొరికాయని, మీ ఆధార్‌తో తెరిచిన ఖాతా ద్వారా నల్లధనం చెలామణీ అయిందని, ఉగ్రవాదులకు నిధులు వెళ్లాయని అవతలి గొంతు గద్దిస్తుంది. వీడియోలో ఖాకీ దుస్తులు, వెనుక జాతీయ చిహ్నం, న్యాయస్థానం ముద్రతో ఉన్న కాగితం కనిపిస్తాయి. గదిలోనే ఉండాలి, ఎవరితోనూ మాట్లాడకూడదు, కెమెరా ఆపకూడదు అంటారు. చివరకు "పరిశీలన కోసం" మీ డబ్బు మొత్తాన్ని వారు చెప్పిన ఖాతాకు పంపమంటారు.

ఈ ఉచ్చులో న్యాయవాదులు, వైద్యులు, విశ్రాంత అధికారులు కూడా పడ్డారు. 2024 అక్టోబరు 27న ప్రధానమంత్రి తన రేడియో ప్రసంగంలోనే దీనిని గురించి దేశ ప్రజలను హెచ్చరించవలసి వచ్చింది. 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు తనంతట తానే దీనిని విచారణకు స్వీకరించింది. అదే ఏడాది డిసెంబరులో ఈ కేసుల దర్యాప్తును సీబీఐకి అప్పగించింది. అందరినీ భయపెట్టే మోసమే అయినా, మన విషయంలో దీనికి మరింత పదును ఉంది. పేరు చూసి అనుమానించే లోకంలో పెరిగినవారికి, తప్పుడు కేసుల్లో ఏళ్ల తరబడి జైళ్లలో మగ్గి నిర్దోషులుగా విడుదలైన వారి కథలు వింటూ పెరిగినవారికి, "ఉగ్రవాదం" అన్న మాట చెవిన పడగానే ఆలోచన స్తంభిస్తుంది. నిర్దోషిననే ధైర్యం కన్నా, నిర్దోషినని ఎవరు నమ్ముతారనే దిగులు ముందు వస్తుంది. ఆ దిగులే దొంగకు పెట్టుబడి. ఆ దిగులు మనకు ఎలా కలిగిందన్నది వేరే చర్చ. దాని నుండి రక్షణ మాత్రం చట్టాన్ని తెలుసుకోవడంలోనే ఉంది.

కనుక నాలుగు విషయాలు మనసులో నిలుపుకోవాలని మనవి చేస్తున్నాము. మొదటిది, భారతదేశ చట్టాలలో డిజిటల్ అరెస్టు అనేది లేనే లేదు. ఫోన్‌లో అరెస్టు చేసే అధికారం ఏ పోలీసుకూ లేదు. రెండవది, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 35వ సెక్షన్ కింద హాజరు కమ్మని ఇచ్చే నోటీసును వాట్సాప్ ద్వారా పంపడం చెల్లదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. మూడవది, నిజంగా అరెస్టయిన వ్యక్తిని 24 గంటలలోగా మేజిస్ట్రేటు ఎదుట హాజరుపరచాలని, అతను కోరుకున్న న్యాయవాదిని సంప్రదించే హక్కు అతనికుందని రాజ్యాంగం 22వ అధికరణం చెబుతున్నది. న్యాయవాదితో మాట్లాడవద్దన్నవాడు పోలీసు కాడు. నాల్గవది, దర్యాప్తు కోసం డబ్బు బదిలీ చేయమని ఏ న్యాయస్థానమూ, ఏ పోలీసు శాఖా, రిజర్వ్ బ్యాంకూ అడగవు. అటువంటి ఫోన్ వచ్చినప్పుడు కోసివేసి, ఇంట్లోవారికి చెప్పి, దగ్గరి పోలీసు స్టేషనుకు స్వయంగా వెళ్లడమే సరైన పని. నిజమైన పోలీసు పోలీసు స్టేషనులోనే ఉంటాడు.

నిత్యజీవితంలో ఎదురయ్యే మోసాలు ఇంకా ఉన్నాయి. వాటన్నిటి వెనుక సూత్రం ఒక్కటే: మన తాళాన్ని మన చేతనే తీయించడం. డబ్బు పంపడానికే యూపీఐ పిన్ కావాలి, అందుకోవడానికి అక్కరలేదు. ఈ ఒక్క వాక్యాన్ని ఇంటిల్లిపాదికీ కంఠస్థం చేయిస్తే "పాత సోఫా కొంటాను, అడ్వాన్సు పంపుతున్నాను, స్కాన్ చేయండి" అనే మోసాలకు తెరపడుతుంది. పెళ్లి పిలుపు, ట్రాఫిక్ చలానా, ప్రభుత్వ పథకం పేరుతో వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైలును తాకరాదు. అది ఫోన్‌లో చేరితే ఓటీపీలను దొంగ మనకన్నా ముందే చదువుతాడు. వినియోగదారుల సేవా కేంద్రం నంబరును ఇంటర్నెట్‌లో వెదకకుండా, పాస్‌బుక్ మీద గాని, ఏటీఎం కార్డు వెనుక గాని చూసుకోవాలి. బ్యాంకులు తమ వెబ్‌సైట్లను "బ్యాంక్.ఇన్" అనే చివర గల చిరునామాలకు 2025 అక్టోబరు 31 నాటికి మార్చాలని రిజర్వ్ బ్యాంక్ ఆదేశించింది. లావాదేవీల గురించి బ్యాంకులు చేసే ఫోన్‌లు 1600తో మొదలయ్యే నంబర్ల నుండి రావాలని కూడా నిర్దేశించింది. సాధారణమైన పది అంకెల మొబైల్ నంబరు నుండి "బ్యాంకు మేనేజరు" పలకరిస్తే అక్కడే అనుమానించాలి.

రంజాన్ మాసంలో జకాత్, సదకాల పేరిట వచ్చే క్యూఆర్ కోడ్‌ల విషయంలోనూ ఇదే మెలకువ అవసరం. పిన్ నొక్కే ముందు తెరపై కనిపించే పేరు మనం ఇవ్వదలచిన సంస్థ పేరేనా అని చదవాలి. వ్యక్తి పేరు కనిపిస్తే ఆగి, ఆ సంస్థ వారినే అడగాలి. హజ్, ఉమ్రా ప్రయాణాలకు సొమ్ము కట్టేవారు సంస్థ ఖాతాకే చెల్లించి రసీదు పొందాలి. వడ్డీ లేని లాభమని, హలాల్ పెట్టుబడి అని చెప్పినంత మాత్రాన లెక్కలు అడగకుండా ఉండనవసరం లేదు. 2019 జూన్‌లో బెంగళూరులో ఐఎంఏ సంస్థ కుప్పకూలినప్పుడు వేలాది కుటుంబాలు కూడబెట్టిన సొమ్ము మట్టిపాలైంది. మతం పేరు చెప్పి డబ్బు అడిగేవాడిని మరింత జాగ్రత్తగా లెక్క అడగాలి.

ఇప్పుడు మమ్మల్ని అన్నిటికన్నా ఎక్కువగా కలవరపెడుతున్న విషయానికి వస్తున్నాము. ఇంతవరకు మోసపోయేవారి గురించి మాట్లాడుకున్నాం. మోసానికి పనిముట్లుగా మారుతున్న మన పిల్లల మాటేమిటి? దోచిన డబ్బు దొంగ తన ఖాతాలో వేసుకోడు. ఉపాధి లేని యువకులను, కళాశాల విద్యార్థులను, ఆటో నడిపేవారిని వెతికి "నీ పేరిట ఖాతా తెరువు, ఏటీఎం కార్డు, సిమ్ కార్డు మాకివ్వు, కొన్ని వేలు ఇస్తాం" అంటాడు. దీనినే మ్యూల్ అకౌంట్ అంటున్నారు. మనం కిరాయి ఖాతా అందాం. కొన్ని వేల కోసం ఇచ్చిన ఆ ఖాతా గుండా లక్షలు, కోట్లు ప్రవహిస్తాయి. పోలీసులు డబ్బు జాడ పట్టుకుని వచ్చినప్పుడు విదేశాల్లో కూర్చున్న సూత్రధారి దొరకడు. ఖాతా ఎవరి పేరున ఉందో ఆ కుర్రవాడి ఇంటి తలుపే తడతారు. కంప్యూటర్ సాధనాలతో మారుపేరున మోసగించినందుకు సమాచార సాంకేతికత చట్టం 66-డి సెక్షన్ కింద మూడేళ్ల వరకు, మోసం చేసి సొత్తు కాజేసినందుకు భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ కింద ఏడేళ్ల వరకు శిక్ష పడవచ్చు. "నాకు తెలియదు, స్నేహితుడు అడిగితే ఇచ్చాను" అన్న మాట విచారణ ముగిసేనాటికి నిలబడుతుందేమో గాని, అప్పటికి చదువు, ఉద్యోగం, పాస్‌పోర్టు అన్నీ చేజారిపోతాయి.

ఒక కుర్రవాడు పట్టుబడిన మరునాడు పత్రికలో అతని పేరు చూసి మొత్తం బస్తీనే వేలెత్తి చూపేవారు ఉంటారు. పేదరికం ఒక కులానికో మతానికో చెందినది కాదు, కిరాయి ఖాతాలూ కావు. అయినా మన ఇంట్లో ఆ తప్పు జరగకుండా చూసుకోవడం మన బాధ్యత. మన పేరు మీది ఖాతా మనకొక అమానతు. అమానతును అద్దెకివ్వం. విదేశీ ఉద్యోగాల ఆశ చూపేవారి విషయంలోనూ జాగ్రత్త అవసరం. డేటా ఎంట్రీ ఉద్యోగమని కంబోడియా తీసుకువెళ్లి, పాస్‌పోర్టు లాక్కుని, సైబర్ మోసాలు చేయిస్తున్న ముఠా గుట్టును 2024 మే నెలలో విశాఖపట్నం పోలీసులు రట్టు చేశారు. ఆ ఉచ్చులో చిక్కినవారు మన తెలుగు యువకులే.

కిరాయి ఖాతాల మరో బాధితులు అమాయక చిరువ్యాపారులు. పండ్ల బండి దగ్గర ఎవరో యూపీఐలో కట్టిన రెండు వందల రూపాయలు, పైనెక్కడో దోపిడీ సొమ్ములో భాగమని తేలితే, ఎక్కడో ఇతర రాష్ట్రపు పోలీసుల లేఖతో వ్యాపారి ఖాతా మొత్తం స్తంభింపజేస్తున్నారు. రెండు వందల కోసం ఇంటి అద్దె, పిల్లల ఫీజు ఆగిపోతున్నాయి. ఇటువంటి కేసులలో పోలీసులు పేర్కొన్న మొత్తానికే స్తంభనను పరిమితం చేయాలని 2023లో కేరళ హైకోర్టు బ్యాంకులను ఆదేశించింది. మన వారికి ఈ పరిస్థితి ఎదురైతే, ఏ పోలీసు స్టేషను, ఏ ఫిర్యాదు సంఖ్య, ఎంత మొత్తం అన్న మూడు వివరాలను బ్యాంకు నుండి లిఖితపూర్వకంగా అడగాలి. ఆ మొత్తాన్ని మాత్రమే నిలిపి, మిగిలినది వదలమని బ్యాంకుకు, దర్యాప్తు అధికారికి అర్జీ ఇవ్వాలి. స్పందన లేకుంటే నాగరిక్ సురక్షా సంహిత 503వ సెక్షన్ కింద మేజిస్ట్రేటును ఆశ్రయించవచ్చు. న్యాయవాదికి ఫీజు ఇచ్చుకోలేని పేదలకు, మహిళలకు న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా న్యాయ సహాయం అందిస్తుంది. దాని ఫోన్ నంబరు 15100.

చివరిగా, డబ్బు పోయిన మరుక్షణం ఏమి చేయాలి? ముందుగా 1930 నంబరుకు ఫోన్ చేయాలి. ఇది జాతీయ సైబర్ నేరాల సహాయ కేంద్రం. సైబర్‌క్రైమ్.గవ్.ఇన్ వెబ్‌సైట్‌లో కూడా ఫిర్యాదు చేయవచ్చు. దొంగ ఆ డబ్బును ఖాతా నుండి ఖాతాకు మార్చి ఏటీఎంలో తీసేలోగా దానిని పట్టుకోవాలంటే మొదటి గంట ఎంతో విలువైనది. సిగ్గుతో, ఇంట్లో తిడతారన్న జంకుతో గడిపిన ప్రతి నిమిషమూ దొంగకే లాభం. ఇంటి పెద్దలకు మా ప్రత్యేక మనవి: మోసపోయిన బిడ్డను, భార్యను ఆ క్షణంలో తిట్టవద్దు. ఫోన్ చేయించండి. తిట్టే ఇంట్లో తరువాతి మోసం దాగిపోతుంది.

ఆ వెంటనే బ్యాంకుకు తెలిపి, ఫిర్యాదు సంఖ్య తీసుకోవాలి. 2017 జూలై 6న రిజర్వ్ బ్యాంక్ జారీ చేసిన సర్క్యులర్ మనకు చాలా హక్కులిచ్చింది. లోపం బ్యాంకుదైతే ఖాతాదారుపై భారం పడదు. లోపం బ్యాంకుదీ కాక, మనదీ కాక వ్యవస్థలో మరెక్కడో ఉన్నప్పుడు, సమాచారం అందిన తర్వాత మూడు పనిదినాలలోగా తెలియజేస్తే మన బాధ్యత సున్నా. నాలుగు నుండి ఏడు పనిదినాల మధ్య తెలిపితే, జన్‌ధన్ వంటి ప్రాథమిక పొదుపు ఖాతాకు గరిష్ఠ భారం 5,000 రూపాయలు, మామూలు పొదుపు ఖాతాకు 10,000 రూపాయలు. ఫిర్యాదు అందిన పది పనిదినాలలోగా వివాదాస్పద మొత్తాన్ని బ్యాంకు తాత్కాలికంగా ఖాతాలో జమ చేయాలి, 90 రోజులలోగా విషయం తేల్చాలి. తప్పు ఖాతాదారుదేనని రుజువు చేయవలసిన బాధ్యత కూడా బ్యాంకుదే. పిన్, ఓటీపీ మనమే చెప్పి ఉంటే ఫిర్యాదు చేసేదాకా కలిగిన నష్టం మనదే. ఫిర్యాదు చేసిన తర్వాత పోయిన ప్రతి రూపాయికీ బ్యాంకే బాధ్యత వహించాలి. కనుకనే ఆలస్యం తగదు. బ్యాంకు 30 రోజులలో జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు తృప్తికరంగా లేకపోయినా రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేసుకోవచ్చు. 14448 నంబరులో వివరాలు లభిస్తాయి.

అయితే భారమంతా ఖాతాదారు మీదనే మోపడాన్ని మేము అంగీకరించము. జాగ్రత్తగా ఉండమని పేదవాడికి చెప్పే వ్యవస్థ, అతనికి అర్థమయ్యే భాషలో చెప్పాలి. ఖాతా నుండి డబ్బు పోయిందన్న సందేశం ఆంగ్లంలో వస్తే ఆంగ్లం రాని తల్లికి అది ఏమి ఉపయోగం? తెలంగాణలోనూ, ఆంధ్రప్రదేశ్‌లోనూ ఉర్దూ రెండవ అధికార భాష. తెలుగులోనూ, ఉర్దూలోనూ సందేశాలు, ఫిర్యాదు పత్రాలు ఉండాలని మనం ప్రతి బ్యాంకు శాఖలో అడగాలి. మన బస్తీలలో తగినన్ని శాఖలు తెరవాలని, ఖాతా తెరవడానికి వెళ్లిన బురఖా ధరించిన చెల్లెలిని గౌరవంగా కూర్చోబెట్టి మాట్లాడాలని అడగాలి. బ్యాంకు దూరమైన చోట దళారి దగ్గరవుతాడు. జార్ఖండ్ నేర్పిన పాఠం అదే.

ఈ సభ ముగిసి ఇళ్లకు వెళ్లేలోగా ప్రతి మస్జిదు కమిటీని, ప్రతి మహిళా సంఘాన్ని మూడు పనులు చేయమని కోరుతున్నాము. 1930 నంబరును పెద్ద అక్షరాలతో తెలుగులో, ఉర్దూలో రాసి గోడకు అంటించండి. చదువుకున్న ఇద్దరు యువతీ యువకులను ఎంపిక చేసి, నెలకొక రోజు బస్తీలోని పెద్దల పాస్‌బుక్కులలో లావాదేవీలు నమోదు చేయించి, చదివి వినిపించే ఏర్పాటు చేయండి. ఉపకార వేతనం రావలసిన ప్రతి విద్యార్థి పేరు, మంజూరైన మొత్తం, ఖాతాలో పడిన మొత్తం ఒక పుస్తకంలో రాసి ఉంచండి. లెక్క రాసి ఉన్న చోట దళారి అడుగు పెట్టడు. మన హక్కు మన గడప చేరేదాకా కాపలా కాయవలసింది మనమే. సెలవు.